ముళ్ళబంతి కట్టే చద్దిమూట

పిల్లలూ, మా మఠంపల్లికి సముద్రం చాలా దూరం. మాకున్నవి కృష్ణానది, సున్నపురాయి, ఆ రాతితో సిమెంటు చేసే కార్ఖానాలూను. ఆ సున్నపు పదార్థంతోనే తన పెంకును తాను కట్టుకునే జంతువొకటి సముద్రంలో వున్నది. దాని పేరు సీ అర్చిన్. పల్లేరుకాయను బత్తాయిపండంత చేసి, ముళ్ళు యింకా పొడుగు చేశామనుకోండి, దాదాపు అలా వుంటుంది. (మా వూరి రాళ్ళు మాత్రం దాని చలవ కాదు. అవి ఏర్పడేనాటికి అర్చిన్లు యింకా పుట్టనే లేదు!)

విశాఖపట్నం తీరాన రాళ్ళ సందుల్లో నల్లని అర్చిన్లు వుంటవి. వాటిని చూపించినప్పుడు మా బడి పిల్ల ఒకతె, "మాస్టారూ, దీనికి కాళ్ళు లేవు, ఆడదో మగదో తెలియదు. పిల్లలెలా పుడతాయండీ?" అని అడిగింది. కాళ్ళు లేకేం? ముళ్ళ మధ్య సన్నని గొట్టాలవంటి పాదాలు ఎన్నో వున్నవి. రెండో ప్రశ్న మాత్రం చాలా గట్టిది.

పెంకు లోపల నారింజ తొనల్లాగా అయిదు సంచులుంటవి. ఆడదానిలో గుడ్లు, మగదానిలో శుక్రకణాలు తయారవుతవి. అదను రాగానే రెండూ వాటిని నీటిలోకి వదిలేస్తవి. ఆడది లక్షలకొద్దీ గుడ్లు వదులుతుంది. ఒక్కొక్కటి మిల్లీమీటరులో పదోవంతు వుంటుందేమో! కలయిక నీటిలోనే. ఆ గుడ్డు అద్దంలా పారదర్శకం కనుకనే, జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆస్కార్ హెర్ట్‌విగ్ శుక్రకణ కేంద్రకం గుడ్డు కేంద్రకంతో కలవడాన్ని సూక్ష్మదర్శినిలో చూసి, 1876లో ప్రకటించగలిగాడు.

గుడ్డులోని పిల్లకు మొదటి ఒకటి రెండు రోజులు నోరుండదు. మరి తిండి? తల్లి కట్టి యిచ్చిన చద్దిమూటే! అందులో మాంసకృత్తులూ, నూనె బిందువులూ వుంటవి. అయిదు సంచులూ గుడ్ల గూళ్ళే కాదు, గాదెలు కూడాను. తల్లి అయిదు పళ్ళతో రాళ్ళమీది నాచును గీకి తిని, ఆ సారాన్ని అక్కడే దాస్తుంది. అదను దగ్గరపడేకొద్దీ గాదె తరుగుతుంది, గుడ్లు నిండుతవి.

చలికాలంలో నెయ్యి పేరుకుంటుంది, వేరుసెనగ నూనె పేరుకోదు, చూశారా? కొవ్వు ఆమ్లాలు కర్బన పరమాణువుల గొలుసులు. నేతిలో చాలా గొలుసులు తిన్ననివి, దగ్గరగా సర్దుకుంటవి. నూనెలోవి వంకరవి, సర్దుకోవు. అర్చిన్ గుడ్డులో 20 కర్బనాల పొడుగుతో, నాలుగైదు వంకరలున్న గొలుసులు కూడా వుంటవి. ఒక కణం వందల కణాలయ్యేటప్పుడు ప్రతి కణానికీ కొత్త పొర కావాలి. ఆ పొర మెత్తగా వంగాలంటే యిటువంటి కొవ్వే తగినది. తల్లి మేత మారిస్తే గుడ్డులోని కొవ్వు ఆమ్లాల పాళ్ళూ మారుతవి.

చిక్కెక్కడ వచ్చిందంటే, జపాను మొదలైన దేశాలవారికి ఆ అయిదు సంచులే ఎంతో ప్రియమైన తిండి. పట్టేవాళ్ళు నిండు సంచులే వెతుకుతారు. అంటే పిల్లల చద్దిమూటలు యింకా విప్పకముందే! అందుకే కొన్నిచోట్ల కొన్ని నెలలు అర్చిన్లను పట్టరాదని చట్టం చేశారు. పైగా మిగిలినవి దూరదూరంగా వుంటే, లక్ష గుడ్లు వదిలినా శుక్రకణాలు వాటిని చేరేలోపలే అలలలో చెదిరిపోతవి.