రాకెట్టు లెక్క, రోడ్డు లెక్క

2023 ఆగస్టు 23 సాయంత్రం మా ఆశ్రమ పాఠశాల వరండాలో పిల్లలందరినీ కూర్చోబెట్టి చంద్రయాన్-3 దిగడం టీవీలో చూపించాం. ఆరు గంటల నాలుగు నిమిషాలకు విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద దిగింది. పిల్లలు అరిచిన అరుపుకు వంటామె గరిటె చేతిలో పట్టుకునే బయటికొచ్చింది. మనవణ్ణి చూసిపోదామని వచ్చిన ఒక కొలాం పెద్దమనిషి వెనక గోడకు ఆనుకుని అంతా చూశాడు. సందడి తగ్గాక నా దగ్గరికి వచ్చి అడిగాడు.

"సారూ, అది అంత దూరం పోయింది గదా. మా గూడెం దాకా రోడ్డు ఎందుకు రాదు?"

"అవి వేరే పైసలు, ఇవి వేరే పైసలు తాతా" అన్నాను. ఆయన తలూపాడు. నా మాట నమ్మి కాదు, సారుతో వాదన ఎందుకని. ఇంతలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఇంకో ప్రశ్న వేసింది. "సార్, దాంట్ల మనిషి లేడా?" లేడన్నాను. మనుషులు పోయేది వేరే తయారవుతోంది, దాని పేరు గగన్‌యాన్ అన్నాను. "దాంట్ల ఎవరు పోతరు సార్?"

ఆ రెండు ప్రశ్నలూ అప్పటినుంచి నన్ను వదల్లేదు. నేను గోండును, ఉట్నూరు దిక్కువాణ్ణి, లెక్కలు చెప్పుకునే పంతులును. నా జవాబు నేను సరిగా లెక్కకట్టుకోవాలి గదా అని ఇది రాస్తున్నాను.

2008లో నేను కరీంనగర్‌లో బి.ఎడ్. చదువుతున్నాను. ఆ అక్టోబరు 22న చంద్రయాన్-1 పైకి పోయింది. మర్నాడు బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో ఒకాయన పేపరు మడిచి బల్ల మీద కొట్టి "ఆదిలాబాద్ అడవిల జనం జ్వరాలతోని సస్తుంటే వీళ్లకు చందమామ కావాల్సొచ్చిందా?" అన్నాడు. చుట్టూ ఉన్న నలుగురూ అవునన్నారు. మావాళ్లను ఒకరైనా తలుచుకున్నారని నాకు సంతోషమైంది. నేను ఆ అడవి దిక్కు నుంచే వచ్చానని చెప్పాను. "అట్లనా! ఆడ పులులుంటయట గదా" అన్నాడు. అంతే, మాట క్రికెట్ మీదికి పోయింది.

తర్వాత చాలాసార్లు గమనించాను. రాకెట్టు లేచిన ప్రతిసారీ మా పేదరికం పేపర్లకెక్కుతుంది. నగరంలో ఫ్లైఓవర్ కట్టినప్పుడు, స్టేడియం కట్టినప్పుడు మా జ్వరాలు ఎవరికీ గుర్తు రావు. అందుకే ఎవరైనా "ఆదివాసీలకు తిండి లేదు, రాకెట్లెందుకు" అంటే నాకు ముందు అనుమానం వస్తుంది. ఆయనకు మా మీద ప్రేమా, రాకెట్టు మీద కోపమా?

సరే, లెక్కలోకి వస్తాను. గగన్‌యాన్‌ను ప్రధానమంత్రి 2018 ఆగస్టు 15న ప్రకటించారు. ముగ్గురు దాకా మనుషులను 400 కిలోమీటర్ల ఎత్తుకు పంపి, మూడు రోజులు తిప్పి, సముద్రంలో దింపడం దాని పని. మొదట 9,023 కోట్లు. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఇంకో 11,170 కోట్లు కలిపింది. మొత్తం 20,193 కోట్లు. 2022లో పోవాల్సింది, ఇప్పుడు 2027 అంటున్నారు. ఈ సంఖ్యను నేను పదో తరగతిలో బోర్డు మీద వేసి 140 కోట్ల మందితో భాగించమన్నాను. తలకు 144 రూపాయలు వచ్చింది. ఒక పిల్లవాడు తన ఇంటి లెక్క వేశాడు. ఇంట్లో ఆరుగురు, 865 రూపాయలు. ఈ ఏటి మద్దతు ధరకు పది పదకొండు కిలోల పత్తి. "ఒక్కసారికేనా సార్, ఏటేటానా?" అని అడిగాడు. అన్ని ఏళ్లకూ కలిపే అన్నాను. "మా నాయిన కాంటా మీద తూకంల అంతకంటే ఎక్కువే పోగొట్టుకుంటడు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను.

అంతరిక్ష శాఖకు మొత్తంగా 2025-26 బడ్జెట్‌లో పెట్టింది 13,416 కోట్లు. దేశం బడ్జెట్ 50 లక్షల 65 వేల కోట్లు. వంద రూపాయల్లో ఇరవై ఆరు పైసలు. చంద్రుడి మీదికి పోటీపడే రోజుల్లో అమెరికా తన బడ్జెట్‌లో వందకు నాలుగు డాలర్లకు పైగా పెట్టింది.

ఇప్పుడు రెండో సంఖ్య. 2023 నవంబరు 15న, బిర్సా ముండా జయంతి నాడు, జార్ఖండ్‌లోని ఖూంటీలో పీఎం జన్‌మన్ పథకం మొదలైంది. అది ప్రత్యేకించి బలహీన గిరిజన తెగల కోసం. మన దగ్గర కొలాం, తోటి, చెంచు, కొండరెడ్డి తెగలు అందులో వస్తాయి. ఇళ్లు, నీళ్లు, కరెంటు, 8,000 కిలోమీటర్ల రోడ్లు. కేంద్రం, రాష్ట్రాలు కలిపి 24,104 కోట్లు.

ఆ సంఖ్య మొదటిసారి చదివినప్పుడు పెన్సిల్ తీసుకుని రెండూ పక్కపక్కన రాసుకున్నాను. 20,193. 24,104. కాగితం మీద కొలాం తాత గూడెం లాంటి గూడేలకు పెట్టింది గగన్‌యాన్ కన్నా ఎక్కువ. అంటే ఆ రోజు నేను తాతకు చెప్పిన జవాబు అబద్ధం కాదు, కానీ సగమే. పైసలు నిజంగానే వేరు. మరి రోడ్డేది?

మా చిన్నమ్మ సంగతి చెప్పాలి. 2016 ఆగస్టులో ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. వాగు నిండా పారుతోంది. 108 బండి అవతలి ఒడ్డు దాకా వచ్చి ఆగింది. నులక మంచానికి తాళ్లు కట్టి, ఆమెను పడుకోబెట్టి నలుగురం నాలుగు కోళ్లు భుజాన పెట్టుకున్నాం. వెనక ఎడమ కోడు నాది. నీళ్లు రొమ్ముల దాకా వచ్చాయి. చిన్నమ్మ బతికింది. బిడ్డ దక్కలేదు. అంతకు మూడేళ్ల ముందే ఆ వాగు మీద కల్వర్టు కట్టారు. మొదటి పెద్ద వానకే కొట్టుకుపోయింది. అది ఎందుకు పోయిందో ఎవరూ వచ్చి చూడలేదు, ఎవరూ ఒక కాగితం రాయలేదు. అడిగితే పైనుంచి నిధులు రావాలన్నారు.

దీనికి పక్కన ఇంకోటి పెడతాను. 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున చంద్రయాన్-2 ల్యాండర్ కూలిపోయింది. దేశమంతా చూస్తుండగానే కూలిపోయింది. ఇస్రో చైర్మన్ కన్నీళ్లు పెట్టుకోవడం కూడా మనం చూశాం. తర్వాత ఎక్కడ తప్పు జరిగిందో వెదికారు, ల్యాండర్ కాళ్లు గట్టిచేశారు, దిగే చోటును పెద్దది చేసుకున్నారు, నాలుగేళ్లకు 615 కోట్లతో మళ్లీ పంపి దింపారు. రాకెట్టు ఎప్పుడు లేస్తుందో నిమిషం దాకా ముందే చెబుతారు. ఎంత ఖర్చో చెబుతారు. పడిపోతే ఎందుకు పడిపోయిందో చెప్పక తప్పదు, ఎందుకంటే అందరూ చూస్తున్నారు. మా కల్వర్టును ఎవరు చూస్తున్నారు? తేడా పైసల్లో కన్నా చూసే కళ్లలో ఉందని నాకు అనిపిస్తుంది.

ఇంకోటి కూడా ఉంది, మన పంతుళ్లు తెలుసుకోవాల్సినది. చాలాచోట్ల రోడ్డు ఆగేది అటవీ అనుమతి దగ్గర. 2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(2) ఉంది. బడి, అంగన్‌వాడీ, రోడ్డు లాంటి పదమూడు రకాల పనులకు, ఒక్కో పనికి హెక్టారుకు మించకుండా, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా అడవి భూమి ఇవ్వొచ్చు. దానికి గ్రామసభ సిఫారసు కావాలి. ఆ సిఫారసు రాసే చెయ్యి మన గూడెంలోనే ఉంది. రాకెట్టును తిట్టినంత సేపట్లో ఆ తీర్మానం రాయొచ్చు.

ఇక రాకెట్టు తరఫున కూడా నేను కళ్లు మూసుకుని మాట్లాడను. వాన కబురు, టీవీ పాఠం, తుపాను హెచ్చరిక ఇవన్నీ ఉపగ్రహాల వల్లే అని చెప్పి గగన్‌యాన్‌ను సమర్థించేవాళ్లున్నారు. 1975-76లో అమెరికా ఉపగ్రహం ఒకటి అద్దెకు తెచ్చుకున్నట్టు తెచ్చి, మన ఉమ్మడి రాష్ట్రంతో కలిపి ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు టీవీ పాఠాలు చూపించారు. అది నిజమే. కానీ ఉపగ్రహానికి మనిషి అక్కరలేదు. మనిషిని పంపితే పత్తి ధర పెరగదు, వాన ముందు తెలియదు. ఆ ఖర్చుకు ఆ కారణం చెప్పడం తూకంలో రాయి పెట్టడం లాంటిదే. మనిషిని పంపడానికి ఉన్న కారణం వేరు, దాన్ని అట్లాగే చెప్పాలి. చూడాలని ఉంది, పోవాలని ఉంది.

ఆ ఆశ మాకు కొత్తది కాదు. మా తాత ఎండాకాలం రాత్రి వాకిట్లో పడుకోబెట్టి ఏడు చుక్కలను చూపించేవాడు. నాలుగు చుక్కలు ముసలమ్మ మంచం కోళ్లు, వెనకున్న మూడు ఆ మంచం ఎత్తుకుపోను వచ్చిన దొంగలు. టాటా పరిశోధన సంస్థకు చెందిన మయాంక్ వాహియా, ఆయనతో గణేశ్ హల్కారే నాగపూర్ దిక్కు గోండు ఊళ్లు తిరిగి మావాళ్ల చుక్కల జ్ఞానాన్ని 2013లో ఒక పత్రికలో అచ్చువేశారు. అది చదివాక తాత చెప్పింది ఉత్త కథ కాదని నాకు తెలిసింది. ఇప్పుడు ఆ మంచాన్ని చూస్తే చిన్నమ్మ కూడా గుర్తొస్తుంది, అది వేరే సంగతి.

ఈ లెక్కలో రూపాయల కిందికి రాని ఖాతా ఒకటుంది. మన పెద్ద రాకెట్లు లేచేది శ్రీహరికోట నుంచి. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్య ఉన్న ఆ దీవి యానాదుల చోటు. దుంపలు, తేనె, మందు మొక్కలు, చేపలు వాళ్ల బతుకు. 1969లో ఆ చోటును ఎంచుకున్నారు, 1971 అక్టోబరు 9న మొదటి చిన్న రాకెట్టు లేచింది, యానాదుల గూడేలు కదిలాయి. మనవాళ్లు అంతరిక్షానికి ఏమిచ్చారని ఎవరైనా అడిగితే నేల ఇచ్చారని చెప్పాలి. మన పాఠాల్లో రాకెట్టు బొమ్మ ఉంటుంది, సతీశ్ ధవన్ పేరు ఉంటుంది, ఉండాల్సిందే. యానాది పేరు కూడా ఒక్క వాక్యంలో ఉండొచ్చు. నేను మా క్లాసులో చెబుతున్నాను.

అమెరికాలో కూడా ఈ ప్రశ్న వచ్చింది. 1960ల్లో సర్వేలు చేస్తే చాలాసార్లు సగానికి పైగా జనం చంద్రుడి మీద అంత ఖర్చు వద్దన్నారు. అపోలో-11 లేచే ముందు రోజు, 1969 జులై 15న, నల్లజాతి నాయకుడు రాల్ఫ్ అబర్నాతీ పేద కుటుంబాలను వెంటబెట్టుకుని, కంచరగాడిదల బండితో రాకెట్టు కేంద్రం గేటు దగ్గరికి పోయాడు. నాసా అధిపతి థామస్ పెయిన్ బయటికొచ్చి నిలబడి విన్నాడు. మీట నొక్కకుండా ఆగితే మీ కష్టాలు తీరుతాయంటే మేం నొక్కేవాళ్లం కాదని చెప్పాడు. కొందరిని లోపలికి పిలిచి, పెద్దలు కూర్చునే చోట కూర్చోబెట్టి రాకెట్టు చూపించారు. అబర్నాతీ ఆ ముగ్గురు వ్యోమగాముల క్షేమం కోసం ప్రార్థన చేశాడు. పోవద్దని ఆయన అనలేదు. బండి తోలుకొచ్చి, మేమూ ఉన్నామని చూపించాడు.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. ఎవరు పోతరు? 2024 ఫిబ్రవరి 27న పేర్లు చెప్పారు. ప్రశాంత్ నాయర్, అజిత్ కృష్ణన్, అంగద్ ప్రతాప్, శుభాంశు శుక్లా. నలుగురూ వైమానిక దళంలో టెస్ట్ పైలట్లు. మొదటిసారికి అట్లాగే ఉంటుంది, తప్పు పట్టను. కానీ ఆశ్రమ పాఠశాల నుంచి ఆ విమానం దాకా దారి ఉందా అంటే, అదీ మా గూడెం రోడ్డు లాంటిదే. అమెరికా మూలవాసుల్లో చికసా తెగకు చెందిన జాన్ హెరింగ్టన్ 2002 నవంబరులో అంతరిక్షానికి పోయాడు, గద్ద ఈక వెంట తీసుకుపోయాడు. 2022లో వైలాకి తెగ ఆడబిడ్డ నికోల్ మాన్ పోయింది. మన దగ్గరే చూడండి. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ పదమూడేళ్లకు ఎవరెస్టు ఎక్కింది. ఆమెను పంపింది గురుకులం, అంటే సర్కారు పైసలే. అప్పుడు కూడా "కొండ ఎక్కితే తండాకు ఏమొచ్చింది" అన్నవాళ్లున్నారు. మా జిల్లాలో గోండులకూ లంబాడాలకూ పేచీ ఉంది, దాచుకునేదేమీ లేదు. కానీ మా గోండు పిల్లలు పూర్ణ ఫొటోను పేపర్లోంచి కత్తిరించి హాస్టల్ గోడకు అంటించుకున్నారు. ఏమొచ్చిందో నేను ఆ గోడ మీద చూశాను.

2025 జూన్ 25న శుక్లా అమెరికా రాకెట్టులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బయల్దేరాడు. 1984లో రాకేశ్ శర్మ తర్వాత మనవాడు మళ్లీ పోవడం అదే. ఆ సాయంత్రం నాకు ఫోన్ వచ్చింది. అప్పటి తొమ్మిదో తరగతి అమ్మాయే, ఇప్పుడు ఇంటర్ ఎంపీసీ. "సార్, చూసిండ్రా?" అంది. చూశానన్నాను. "కిందికి వచ్చినంక లేచి నిలబడనీకి కూడా కష్టమైతదంట గదా సార్. నేను ఓర్చుకోగలనా?" అంది. నీళ్ల బిందె నెత్తిన పెట్టుకుని గుట్ట ఎక్కినదానివి గదమ్మా అన్నాను.

కొలాం తాత గూడేనికి రోడ్డు మంజూరైందని పోయిన ఏడు చెప్పారు. ఎర్రమట్టి పోసి వాగు దాకా తెచ్చి ఆపారు. మొన్న పిల్లలతో బడి గోడ మీద సున్నంతో నాలుగు గడులు గీయించాను. రోడ్డు పొడవు, మంజూరైన పైసలు, అయిపోవాల్సిన తారీఖు, ఆగితే ఎందుకు ఆగింది. మొదటి రెండూ పిల్లలే మండలాఫీసుకు పోయి అడిగి తెచ్చి రాశారు. తాత మనవణ్ణి చూడను వచ్చినప్పుడల్లా ఆ గోడ దగ్గర ఆగుతాడు. ఆయనకు చదువు రాదు. "ఇయ్యాల ఏమన్న రాసిండ్రా?" అని మనవణ్ణి అడుగుతాడు. మూడో గడి, నాలుగో గడి ఇంకా ఖాళీగానే ఉన్నాయి.