హమ్మింగ్ ఎక్కడి నుంచి వచ్చింది?



పోయిన వారం కువైట్ నుంచి మన సంఘ బిడ్డ ఒకరు ఫోన్ చేశారు. "అయ్యగారూ, ఇక్కడ మా కూడికకి బాస్ గిటారు కొందామనుకుంటున్నాం. మన మందిరంలో కొన్నారు కదండీ, ఏది మంచిదో చెప్పండి" అన్నారు. మేము సంగీతం చదువుకున్నవాళ్లం కాము. అయినా ఆ గిటారు విషయంలో మేము నేర్చుకున్నది కొంత, మా వల్ల జరిగిన తప్పు కొంత ఉంది. రెండూ రాస్తున్నాము.

మన స్త్రీల సహవాసం వారి పిడికెడు బియ్యం సంగతి మీకు తెలుసు. పొయ్యి మీద ఎసరు పెట్టే ముందు ఒక పిడికెడు పక్కకు తీసి, ఆదివారం తెచ్చి గంపలో పోస్తారు. రెండు పంటలు గడిచేసరికి ఆ బియ్యం డబ్బు, నాట్ల కూలిలోంచి అక్కలు వేసిన కానుక కలిపి 17,000 రూపాయలైంది. కీబోర్డు ఉంది, ప్యాడ్స్ ఉన్నాయి, పాట కింద బలం లేదని యవనస్తులు చాలాకాలంగా అడుగుతున్నారు. సరేనని బాస్ వాయించే బాబును వెంటబెట్టుకుని బెజవాడ బస్సెక్కాము.

గవర్నర్‌పేటలో ఒక దుకాణంలో మూడు గిటార్లు దించి చూపించారు. పేరున్న కంపెనీల అసలు గిటార్లు మన డబ్బుకు అందవు. ఇవి వాటి నమూనాలో చేసినవి. తీగల కింద నల్లటి పెట్టె ఒకటి ఉంటుంది, దాన్ని పికప్ అంటారు. లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ వేల చుట్లు. పైన ఉక్కు తీగ ఊగితే కింద రాగి చుట్టలో కరెంటు పుడుతుంది. వెనకటి సైకిల్ డైనమోకి ఇది తమ్ముడనుకోండి. వాయించే తీగ నైలానుదైతే ఆ పెట్టెకి ఏమీ వినబడదు.

మొదటిది ప్రెసిషన్ నమూనా. అమెరికాలో లియో ఫెండర్ అనే ఆయన 1951లో దాన్ని బజారులోకి తెచ్చాడు. అంతకుముందు బాస్ కావాలంటే ఎక్కువగా మనిషెత్తు వాయిద్యాన్ని నిలబెట్టి వాయించేవారు. 1957లో దాని పికప్‌ను రెండు ముక్కలు చేశారు, ఒక్కో ముక్క కింద రెండేసి తీగలు. ఒకదాని చుట్ట ఒకవైపు తిరిగితే రెండోదాని చుట్ట ఎదురువైపు తిరుగుతుంది, అయస్కాంతాలు కూడా తారుమారుగా ఉంటాయి. అందుచేత బయట కరెంటు వైర్ల నుంచి దూరే హమ్మింగ్ ఒకదానికొకటి ఎదురై చచ్చిపోతుంది, తీగ పలికింది మిగులుతుంది.

రెండోది జాజ్ నమూనా, 1960 నాటిది. దీనికి రెండు పొడవాటి పికప్‌లు, రెండు వాల్యూమ్‌లు. రెండూ సమానంగా పెడితే హమ్మింగ్ పోతుంది. ఒక్కటే తెరిస్తే స్వరం ముక్కుసూటిగా, తేటగా వస్తుంది గానీ హమ్మింగ్ కూడా వస్తుంది. మూడోది 9 వోల్టుల బ్యాటరీ వేసేది. 1976లో వచ్చిన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే ఈ రకానికి పేరు తెచ్చింది. శబ్దం గట్టిది, కానీ ఆరాధన మధ్యలో బ్యాటరీ అయిపోతే మా ఊళ్లో ఎక్కడ వెతకాలి?

మెడ సంగతి కూడా చెప్పాలి. కొన్నిటికి మెడను ఒంటితో జిగురేసి అతికిస్తారు. కొన్నిటికి మెడ కర్రే ఒంటి మధ్యగా చివరిదాకా వస్తుంది. మేము చూసిన మూడింటికీ నాలుగు మరలే. ఇది తక్కువరకం కాదా అని అడిగాము. మా మనసులో బొబ్బిలి వీణ ఉంది. ఒకే పనస దుంగను తొలిచి, అతుకు లేకుండా చేసే ఏకాండి వీణకు ఎంత గౌరవం! దుకాణంలోని మేస్త్రి నవ్వి, "వీణలో చెక్కే పాడుతుందండీ. ఇందులో ఆ నల్ల పెట్టెకి వినబడేది ఉక్కు తీగే. చెక్క పనేమీ లేదనను గానీ, వీణలో ఉన్నంత లేదు" అన్నాడు. అలాగైతే కొండపల్లి బొమ్మల పొణికి కర్రతో చేస్తే మోయడానికి తేలికే కదా అన్నాము. మరలు పట్టవండీ అని బాబు పకపకా నవ్వాడు. మా మట్టుకు మాకు మన డెల్టా తేమకు మరల మెడే మేలు. వానాకాలంలో కర్ర వంగి తీగలు పైకి లేస్తే లోపలి కడ్డీని కీతో కాస్త తిప్పుకోవచ్చు, మరీ పాడైతే మెడ ఒక్కటీ మార్చుకోవచ్చు.

బాబుకు జాజ్ నమూనా నచ్చింది. తెచ్చాము. ప్రార్థన చేసి అక్కల చేతే సంచి విప్పించాము.

మొదటి ఆదివారమే మందిరమంతా బుయ్‌మని హమ్మింగ్. బాబు తీగల మీద చేయి వేస్తే తగ్గేది, తీస్తే పెరిగేది. ఇంకో చిక్కు కూడా ఉంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. బాస్ లావు తీగ మూడో మెట్టు మీద నొక్కితే పలికే జి స్వరం 49. మేము పాడేది ఎక్కువ జి స్కేల్లోనే. ఏది హమ్మింగో ఏది బాసో మాకే కాదు, ఎవరికీ తెలియలేదు. వీడు తప్పు వాయిస్తున్నాడని అనుకున్నాము.

ఆ బాబు రెండుసార్లు మాతో, "అయ్యగారండీ, పాడేటప్పుడు మైకు పెదవికి తగిలితే జిల్లుమంటోందండీ" అన్నాడు. మేము వినలేదు. మూడో ఆదివారం వాక్యానికి ముందు అందరి ఎదుటా, "వాయించడం రాకపోతే కట్టేసి కూర్చో బాబూ, అక్కల కానుక అది" అన్నాము. వాడు వైరు పీకి, గిటారు సంచిలో పెట్టి, వెనక వరుసలోకి వెళ్లి కూర్చున్నాడు. తరువాత రెండు ఆదివారాలు రాలేదు.

కరెంటు పని చేసే మన సహోదరుడొకరు బుధవారం కూడికకు వచ్చి, ఊరికే చూద్దామని బోర్డు విప్పారు. మూడు రంధ్రాల సాకెట్టే గానీ ఎర్తు వైరు ఎక్కడికీ పోలేదు, గోడలో తెగి వేలాడుతోంది. యాంప్లిఫయర్ నుంచి కారిన కరెంటు వైరు గుండా గిటారు తీగలకెక్కి, వాడి చేతుల్లోంచి మైకు దగ్గర పెదవిదాకా వెళుతోంది. "అయ్యగారూ, తడి కాళ్లతో నిలబడి ఉంటే పిల్లాడు దక్కేవాడు కాదు" అన్నారాయన. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. అమ్మగారు లేచి కూర్చుని, "వాడు మీకు రెండుసార్లు చెప్పాడు" అన్నారు. అంతే అన్నారు.

మర్నాడు మందిరం వెనక గొయ్యి తవ్వించాము. మన నేలలో తేమకు కొదవేముంది. పైపు దించి, బొగ్గు, ఉప్పు వేసి పూడ్చి, బోర్డుకు కొత్త వైరు లాగారు. జిల్లుమనడం పోయింది, హమ్మింగ్ చాలావరకు తగ్గింది. మిగిలింది పికప్‌ది, రెండు వాల్యూమ్‌లూ సమానంగా పెడితే అదీ లేదు.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాము. వాళ్ల నాన్న కుర్చీ వేశాడు, మేము కూర్చోలేకపోయాము. ఆదివారం, ఎవరి ఎదుట అన్నామో వారి ఎదుటే, తప్పు వాడిది కాదు, మాది అని చెప్పి క్షమించమని అడిగాము. వాడు తలెత్తలేదు, తీగ శ్రుతి చేసుకుంటూ ఉన్నాడు. కువైట్‌లో ఉన్న బిడ్డా, నువ్వు ఏ నమూనా అయినా కొనుక్కో. ముందు ఎర్తు చూపించు. వాయించేవాడు ఏదైనా చెబితే ఆగి విను.

ఆ రోజు పాట అయ్యాక, పిడికెడు బియ్యం మొదలుపెట్టిన పెద్దమ్మ మా దగ్గరికి వచ్చింది. "ఏదయ్యా మన గిటారు, ఆ మోత పోయాక నాకు వినబడటమే లేదు" అంది. బాబు దగ్గరికి వచ్చి ఆవిడను పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, లావు తీగను మెల్లగా ఒకసారి మీటాడు. ఆవిడ కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించి కాసేపు అలాగే ఉంది.

"ఇదా నాయనా" అంది. "ఇంకోసారి వాయించు."