మూడు తెరలు ఎందుకమ్మా?

మా అమ్మాయి కాన్పుకి తిరుపతికి వచ్చి ఏడు నెలలు దాటింది. 26 వారాల ప్రసూతి సెలవు అయిపోయింది. బెంగళూరులోని వాళ్ళ ఆఫీసువాళ్ళు మూడు నెలలు ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. ఆరోగ్య బీమా క్లెయిములు చూసే పని తనది. ఆస్పత్రి బిల్లులు ఒకచోట, పాలసీ షరతులు ఇంకోచోట, తను నింపాల్సిన ఫారం మరోచోట ఉంటాయి. ల్యాప్‌టాప్ తెర చిన్నది, ఒకటి తెరిస్తే ఇంకొకటి దాని వెనక్కి పోతుంది. మధ్యలో బిడ్డ ఏడిస్తే లేచి వెళ్ళి, తిరిగొచ్చేసరికి ఎక్కడ ఆపిందో గుర్తుండదు. రోజుకి ఇన్ని క్లెయిములు అని లెక్క ఉంది. మొదటి రెండు వారాలూ ఆ లెక్క తప్పింది.

మా అబ్బాయి ఇంజినీరింగ్ చదివేటప్పుడు కొనిపించుకున్న కంప్యూటర్ మేడ మీద గదిలో దుమ్ము పట్టి ఉంది. అందులో ఎన్విడియా జీటీఎక్స్ 1050 టీఐ అనే గ్రాఫిక్స్ కార్డు ఉందని, దానికి మూడు మానిటర్లు తగిలించుకోవచ్చని అమ్మాయి చెప్పింది.

"మూడా! ఒకటి చాలదా?" అన్నాను.

"నీకు స్టవ్ మీద మూడు పొయ్యిలు ఎందుకుమ్మా?" అంది.

ఆ నిమిషంలో ఒకదాని మీద సంగటి, ఒకదాని మీద పప్పు, ఒకదాని మీద బిడ్డకి నీళ్ళు ఉన్నాయి. ఇంకేం మాట్లాడతాను?

శనివారం మధ్యాహ్నం మా ఆయన కంప్యూటర్ కిందికి దించారు. మూడు మానిటర్లు పోగయ్యాయి. ఒకటి అబ్బాయిది, ఒకటి ఆఫీసువాళ్ళు పంపింది, ఒకటి మా ఆయన ఎప్పుడో కొన్న పాతది. ముందు ఒకదానికి వైరు పెట్టి స్విచ్ వేశారు. 'నో సిగ్నల్' అని వచ్చి ఆరిపోయింది. రెండోదీ అంతే.

"కార్డు పోయినట్టుండాది. ఇంక కొత్తది కొనాల్సిందే" అన్నారాయన.

అమ్మాయి ఉయ్యాల పక్కన చాప మీద కూర్చుని ఏమీ మాట్లాడలేదు. నాకు కడుపులో తిప్పినట్టయింది. నోరు ఊరుకోక, "ఇంత అవస్థ ఎందుకు తల్లీ, మానెయ్యరాదా?" అనేశాను.

అది నా వైపు చూసింది. కోపం కాదు, ఇంకేదో ఉంది ఆ చూపులో.

1996లో ఇదే ఊళ్ళో నేను బడి ఉద్యోగం మానేశాను. ఇది అప్పుడు నాలుగు నెలల పిల్ల. ఆ రోజు మా అమ్మ నాతో అన్నవి అచ్చం ఇవే మాటలు. ప్రేమతోనే అనింది. నేనూ ప్రేమతోనే అన్నాను. కానీ తర్వాత ఎన్ని జూన్ నెలలు బడి గంట వినబడి చెయ్యి ఆగిపోయిందో నాకే తెలుసు.

లేచి, తడిగుడ్డ తీసుకుని కంప్యూటర్ వెనక దుమ్ము తుడిచాను. హైదరాబాదులో ఉన్న అబ్బాయికి వీడియో కాల్ చేసి, టార్చి వేసి చూపించాను.

"అమ్మా, వైరు పైన యూఎస్‌బీల పక్కన ఉండే దాంట్లో పెట్టారు. అది మదర్‌బోర్డుది. కార్డు ఉన్నప్పుడు అది చాలాసార్లు పనిచేయదు. కింద అడ్డంగా ఉండేవి చూడు, అవీ కార్డువి" అన్నాడు.

కార్డు పాడవలేదు. మేమే వేరే ఇంటి తలుపు తట్టాం!

కార్డుకి మూడు సాకెట్లు ఉన్నాయి. హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్, డీవీఐ. ఆఫీసు మానిటర్ తన పెట్టెలో వచ్చిన వైరుతోనే డిస్‌ప్లేపోర్ట్‌కి కుదిరింది. అబ్బాయి మానిటర్ హెచ్‌డీఎంఐకి కుదిరింది. రెండూ వెలిగాయి. మిగిలింది డీవీఐ. మా పాత మానిటర్‌కేమో వెనక నీలిరంగు వీజీఏ ఒక్కటే ఉంది.

మా ఆయన తిలక్ రోడ్డుకి వెళ్ళి డీవీఐకి వీజీఏ తగిలించే చిన్న ముక్క తెచ్చారు. ఎంత ఒత్తినా దూరదు. కళ్ళజోడు పెట్టుకుని చూస్తే, ఆ ముక్కకి బద్ద చుట్టూ నాలుగు సూదులు ఎక్కువ ఉన్నాయి. కార్డులో వాటికి చిల్లులే లేవు.

కారణం అబ్బాయి చెప్పాడు. వీజీఏ 1987లో ఐబీఎం తెచ్చింది. పాత గాజు డబ్బా మానిటర్ల కాలం నాటిది, అనలాగ్ సిగ్నల్‌తో నడుస్తుంది. 1999లో వచ్చిన డీవీఐలో కొన్ని రకాలు రెండు సిగ్నళ్ళూ ఇస్తాయి, ఆ నాలుగు సూదులూ అనలాగ్ కోసమే. మా కార్డులో ఉన్నది డిజిటల్ మాత్రమే ఇచ్చే డీవీఐ-డీ. 2002 నాటి హెచ్‌డీఎంఐ, 2006 నాటి డిస్‌ప్లేపోర్ట్ కూడా డిజిటలే. అందుకని వీజీఏకి ఉత్త ముక్క చాలదు, లోపల చిప్ ఉండి సిగ్నల్‌ని మార్చే కన్వర్టర్ కావాలి. డీవీఐ నుంచి హెచ్‌డీఎంఐకి మాత్రం మామూలు వైరు చాలు, ఆ రెండూ బొమ్మని ఒకే రకంగా పంపుతాయి కాబట్టి.

రేణిగుంట దగ్గర టీవీల ఫ్యాక్టరీలు ఉన్నాయని గొప్పగా చెప్పుకుంటాం. ఇంట్లో తెర వెనక ఎన్ని చిల్లులున్నాయో ఇన్నేళ్ళలో ఒక్కసారి చూసింది లేదు!

ఈసారి నేనే వెళ్ళాను. కార్డు వెనక ఫోటో, మూడు మానిటర్ల వెనక ఫోటోలు చూపించాను. షాపతను ముక్క వెనక్కి తీసుకుని, డీవీఐ-హెచ్‌డీఎంఐ వైరు ఒకటి, హెచ్‌డీఎంఐ-వీజీఏ కన్వర్టర్ ఒకటి ఇచ్చాడు. అబ్బాయి మానిటర్‌ని డీవీఐకి మార్చి, ఖాళీ అయిన హెచ్‌డీఎంఐకి కన్వర్టర్‌తో పాతదాన్ని పెట్టాం. విండోస్ బటన్‌తో పాటు 'పీ' నొక్కి 'ఎక్స్‌టెండ్' ఎంచుకుంటే మూడూ కలిసి ఒకే పెద్ద బల్లలాగా పరుచుకున్నాయి. మౌస్ కుడికి జరిపితే ఎడమ తెరలో తేలింది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1, 2, 3 డబ్బాలని బల్ల మీది వరసలోకి లాగితే అదీ సర్దుకుంది.

సోమవారం సాయంత్రం అమ్మాయి ఉయ్యాల ఊపుతూ, "ఈ రోజు లెక్క సరిపోయిందమ్మా" అంది. మూడు నెలల తర్వాత ఆఫీసువాళ్ళు ఏమంటారో, బెంగళూరులో బిడ్డని ఎవరు చూస్తారో ఇంకా తేలలేదు. నేను వెళ్ళి కొన్నాళ్ళు ఉండాల్సి వస్తుందేమో. మా ఆయనకి వంట నేర్పడం మొదలుపెట్టాను, పప్పు దాకా వచ్చారు.

మీ ఇంట్లో కూడా ఇలాంటి పని పడితే కొత్త కార్డు కొనే ముందు వైరు ఏ సాకెట్‌లో ఉందో చూడండి. షాపుకి వెళ్ళేటప్పుడు రెండు వైపులా ఫోటో తీసుకెళ్ళండి. ఇంకొకటి, ఇంట్లో ఆడపిల్ల అలసిపోయి కూర్చుంటే 'మానెయ్' అనే ముందు ఒక్కసారి లేచి వెనక దుమ్ము తుడిచి చూడండి. నేను అన్న మాట వెనక్కి తీసుకోలేను, కానీ మళ్ళీ మాత్రం అనను.