పడవ కింద పూసే జహర్

మన ఇళ్లల్లో తాంబాతో దోస్తీ ఉంది, డర్ కూడా ఉంది. దావత్‌కు దేగ్ తెస్తే లోపల కళాయి ఉందా, అరిగిపోయిందా అని పెద్దవాళ్లు ముందే చూస్తారు. కళాయి పోయిన చోట పులుపు తగిలితే తాంబా కరిగి ఖానాలోకి దిగుతుంది. తిన్నవాళ్లకు కడుపులో తిప్పుతుంది. వంటింట్లో తాంబా కరగకూడదు. సముద్రంలో దీనికి పూరా ఉల్టా. అక్కడ తాంబా కరిగితేనే పని చేసినట్టు.

ఈ సంగతి మా ఖాలా కొడుకు వల్ల తెలిసింది. వాడు 11 ఏళ్లుగా దుబాయ్‌లో ఒక పడవల యార్డులో పని చేస్తున్నాడు. తెరచాప పడవల్ని నీళ్లలోంచి పైకి తీశాక అడుగు కడగడం, గీకడం, మళ్లీ రంగు వేయడం వాడి రోజీ. ఈ ఏడు ఒక పడవ మాలిక్ వాణ్ణే సలహా అడిగాడట. పెద్దాయన, 1980ల నాటి ఫైబర్‌గ్లాస్ పడవ. "నీ చెయ్యి మీద భరోసా ఉంది, ఏ రంగు వేద్దామో నువ్వే చెప్పు" అన్నాడట. వాడు నాకు ఫోన్ చేశాడు. "భాయీ, డబ్బే సబ్ ఏకీచ్ దిఖ్‌తే. జర పఢ్‌కే బోలో నా."

డబ్బాల మీద ఇంగ్లీషు, అరబీ. ఇద్దరం ఉర్దూ మీడియం వాళ్లమే కాబట్టి అరబీ హర్ఫ్‌లు గుర్తుపడతాం, మానీ మాత్రం చేతికి రాదు. వాడు ఫొటోలు పంపాడు. నేను కంపెనీల కాగితాలు తెరిచి, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. చదివిన కొద్దీ నాకు పడవ ఫికర్ తగ్గి, వాడి ఊపిరి ఫికర్ పెరిగింది.

అసలు ఆ రంగు ఎందుకు? ఉప్పునీళ్లలో ఊరికే నిలబెట్టిన పడవకు ముందు జిగట పడుతుంది, తర్వాత నాచు, ఆ తర్వాత బార్నకిల్స్ అనే పెంకు ప్రాణులు సిమెంటు పోసినట్టు అతుక్కుంటాయి. గల్ఫ్ లాంటి వెచ్చటి నీళ్లలో ఇది ఇంకా జల్దీ జరుగుతుంది. పడవ బరువెక్కి నడక మందగిస్తుంది. 1761లో ఇంగ్లీషు నేవీ అలారమ్ అనే ఓడ అడుగుకు తాంబా రేకులు కొట్టి చూసింది. నాచు పట్టలేదు. కానీ రేకులు అరిగిపోతున్నాయి. 1824లో హంఫ్రీ డేవీ అనే సైన్స్‌దాన్ ఆ రేకులకు ఇనుము, జింకు ముక్కలు తగిలించి అరుగుదలను ఆపాడు. తాంబా బచ్ గయా, కానీ నాచూ బార్నకిల్సూ వాపస్ వచ్చేశాయి. తాను కరిగి జహర్ వదిలితేనే తాంబా పడవను కాపాడుతుందని అప్పుడు తేలింది. ఇప్పటి రంగుల్లో ఎక్కువ వాటిలో ఉన్నది కూడా ఆ తాంబా పొడే. డబ్బా మీద కప్రస్ ఆక్సైడ్ అని రాసి ఉంటుంది.

ఇంకో సంగతి చదివి హైరాన్ అయ్యాను. దేగ్‌కు వేసే కళాయి అంటే తగరమే కదా. అది మనల్ని తాంబా నుంచి కాపాడుతుంది. 1960ల నుంచి అదే తగరాన్ని ఇంకో రసాయనంతో కలిపి ట్రైబ్యూటైల్ టిన్ అని పడవల రంగుల్లో వాడారు. అంత తేజ్ జహర్ ఇంకోటి లేదన్నారు. ఫ్రాన్స్‌లో ఆర్కషాన్ అనే చోట ఆయిస్టర్ల పెంకులు వికారంగా మందమెక్కాయి, పిల్లలు బతకలేదు. సముద్రపు ఆడ నత్తలకు మగ అవయవాలు మొలిచాయి. ఫ్రాన్స్ 1982లో 25 మీటర్ల లోపు పడవలకు దాన్ని బంద్ చేసింది. 2001లో దునియా మొత్తానికీ ఒక ఒప్పందం రాసుకున్నారు, అది 2008 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. అంటే 1980ల నాటి పడవ అడుగున, పైపొరల కింద, ఆ పాత జహర్ ఇంకా పడుకుని ఉండొచ్చు. దాన్ని గీకేది ఎవరు? మా వాడు.

ఇక రంగుల్లో ఫర్క్. ఒక రకం గట్టిది. లోపలి తాంబా కరిగిపోయినా పొర అట్లాగే ఉంటుంది. బ్రష్‌తో రుద్దినా ఊడదు, అందుకే రేసుల వాళ్లకు పసంద్. కానీ ప్రతి ఏడూ పొర మీద పొర చేరి, ఎప్పుడో ఒకరోజు మొత్తం గీకి తీయాల్సిందే. ఇంకో రకం సబ్బులా కొంచెం కొంచెం అరుగుతూ లోపలి కొత్త తాంబాను బయటికి తెస్తుంది. పొరలు పెద్దగా పేరుకోవు. కాకపోతే పడవ నడుస్తుండాలి. మూడోది సిలికాన్. జహర్ లేకుండా జారుడుతనంతోనే పని చేస్తుంది. మహంగా, పైగా దాన్ని వేయాలంటే మామూలుగా పాత రంగంతా తీసేయాల్సి వస్తుంది.

మాలిక్ మనసు గట్టి రంగు మీద ఉంది. నెలకోసారి మనిషిని నీళ్లలోకి దింపి అడుగు రుద్దిస్తాడు మరి. నేను మా వాడికి ఒక పరీక్ష చెప్పాను. తడి గుడ్డతో పాత రంగు మీద గట్టిగా రుద్దు. గుడ్డకు రంగు అంటితే అది అరిగే రకం. దాని మీద గట్టి రంగు నిలవదు, అంతా గీకాల్సి వస్తుంది. వాడు రుద్ది ఫొటో పంపాడు. గుడ్డ ఎర్రగా ఉంది.

ఫైసలా అక్కడే అయిపోయింది. అరిగే రంగు మీద అరిగే రంగే. పడవ వారం చివరి సెలవుల్లో తిరుగుతూనే ఉంటుంది కాబట్టి అది అరగడానికీ ఇబ్బంది లేదు. ప్రెజర్ నీళ్లతో కడిగి, తడిపిన కాగితంతో పైపైన రుద్దితే చాలు. పాత పొరల జోలికి పోవాల్సిన పని లేదు. కింద ఎరుపు, పైన నీలం రెండు పొరలు. నీలం అరిగి ఎరుపు కనిపిస్తే మళ్లీ వేసే వఖ్త్ వచ్చినట్టు. నీటిగీత దగ్గర, చుక్కాని అంచున ఒక పొర ఎక్కువ. జింకు ముక్కల మీద మాత్రం రంగు పడనీయకూడదు. నీళ్లలో దిగే మనిషి బ్రష్ మానేసి మెత్తటి స్పాంజితో తుడవాలి. మాలిక్ అన్నీ మంజూర్ చేశాడు.

యార్డు వాళ్లు మాత్రం ఇన్నేళ్లూ వాడికి కాగితం మాస్క్ ఇచ్చి, పొడి మిషన్‌తో గీకించారు. రాత్రి ఉమ్మితే నీలంగా వచ్చేదని వాడు నవ్వుతూ చెప్పాడు. ఖాలాకు ఈ మాట ఇంతవరకూ చెప్పలేదట. నెలనెలా పైసలు అందుతున్నాయి, ఇల్లు లేచింది, చెల్లి నికాహ్ అయింది. ఆ నీలం సంగతి ఎవరు అడుగుతారు?

తాంబా రంగు ఏదీ పూరా పాక్ కాదు. పడవకు అక్కరకొచ్చేది సముద్రానికి నుక్సానే. ఆ నుక్సాన్‌ను ఎంత తగ్గించగలమన్నదే మన చేతిలో ఉంది. ఒకరి షౌక్ కోసం ఇంకొకరి జిస్మ్ మీద జరర్ వేయడం మన దీన్‌కు పసంద్ కాదని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. పడవ మాలిక్ డబ్బా ఎంచుకునేటప్పుడు, వచ్చే ఏడు దాన్ని గీకే మనిషి ఎంత దుమ్ము పీలుస్తాడో కూడా ఎంచుకుంటున్నాడు.

మీ ఇంటి మనిషి కూడా అట్లాంటి పనిలో ఉంటే ఫోన్‌లో నాలుగు మాటలు అడగండి. తడిపి గీకుతున్నారా, పొడిగానా? మాస్క్‌కు మార్చే ఫిల్టర్లు ఉన్నాయా? ఖానాకు ముందు చేతులు, మొహం కడుగుతున్నాడా? పని బట్టలు విడిగా ఉతుకుతున్నాడా? ఖాలాకు నేను ఈ మాటలే రాసిచ్చాను, ఉర్దూలో. మొన్న ఫోన్‌లో "ఖానా ఖాయే?" కంటే ముందు మాస్క్ సంగతి అడిగిందట. వాడు ఫిల్టర్ మాస్క్ కొనుక్కున్నాడు, తన జేబులోంచే. పైసలు యార్డు ఇవ్వాల్సిందే, అది వాడి హక్. కానీ ఆ హక్ చేతికొచ్చేదాకా ఊపిరి ఆగదు కదా.