దోమల యేటి ఊళ్ళో భోజనం

మా మరిదివాళ్ళు టాంజానియాలో అరూషాలో ఉంటారు. పిల్లల సెలవులకి వాళ్ళింటికి వెళ్ళాం. మా వారి ధ్యాసంతా సింహాల మీదే. గోరోంగోరో వెళ్ళే దారిలో మ్టో వా ఎంబు అనే ఊళ్ళో భోంచేద్దామంది మా తోడికోడలు. ఆ పేరుకి దోమల యేరు అని అర్థంట. "దోమల కోసం ఇంతదూరం రావాలా?" అన్నారు మా వారు.

ఇక్కడ ఊరివాళ్ళే వచ్చినవాళ్ళని తిప్పి చూపిస్తారు. 1990ల నుంచీ ఉందీ పద్ధతి. మనం కట్టే డబ్బు గైడుకీ, వండిపెట్టే ఇంటికీ, కొంత ఊరి పనులకీ వెళ్తుంది. మా గైడు ఆ ఊరి కుర్రాడే. వరిమళ్ళు, అరటితోటలు, ఎర్రటి అరటిపళ్ళు... అచ్చం కోనసీమే! అరటిపళ్ళలో చోళ్ళు కలిపి బీరు చేసే ఇంటి దగ్గర మాత్రం మా వారు సింహాల్ని మర్చిపోయారు.

భోజనం ఒకావిడ ఇంటి పెరట్లో. మూడు రాళ్ళ పొయ్యి, కట్టెలు. అన్నం, రాజ్మాలాంటి గింజలు, అరటికాయ కూర, చపాతీ. దాన్ని వాళ్ళూ చపాతీ అనే అంటారు. మ్చిచా అని ఆకుకూర వడ్డిస్తే నోట్లో పెట్టుకోగానే తెలిసిపోయింది, మన తోటకూరే!

ఆ సంబరంలో ఫోన్ పట్టుకుని వంటింట్లోకి దూరిపోయాను. ఆవిడ గబగబా మసిగిన్నెల్ని కాలితో పక్కకి నెట్టింది. నాకు సిగ్గేసింది. చెప్పకుండా చుట్టాలొస్తే నేను చేసే పని అదే కదూ! ఫోన్ సంచిలో పడేసి, ఆవిడ పక్కన పీట మీద కూర్చున్నాను.

నేనేం చేస్తుంటానని గైడు చేత అడిగించింది. "ఏమీ చెయ్యను, ఇంట్లోనే ఉంటాను" అన్నాను, అలవాటుగా. ఆ అబ్బాయి "మామా వా న్యుంబానీ" అని చెప్పాడు. అంటే ఇంటి తల్లి. ఆవిడ గుండెమీద చెయ్యేసుకుని "మిమి పియా" అంది. నేనూ అంతే, అని.

వెళ్ళేముందు గైడు ఆవిడకి డబ్బులిచ్చాడు. రెండుసార్లు లెక్కపెట్టి, ఒంటికి చుట్టుకున్న కంగా గుడ్డ కొసన ముడేసుకుంది, మా అమ్మమ్మ కొంగున వేసుకున్నట్టే.

కారెక్కాక "ఏంటాలోచిస్తున్నావ్?" అన్నారు మా వారు.

"ఇరవై రెండేళ్ళలో ఎన్ని భోజనాలు వడ్డించానో లెక్కేస్తున్నా."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత డ్రైవర్ని సింహాల గురించి అడిగారు.