చివరి బెంచీ నుంచి

బీఎడ్ ఏడాది కోర్సుగా ఉన్న రోజుల్లో టీచింగ్ ప్రాక్టీసంటే లెక్కకు సరిపడా పాఠాలు చెప్పి, రికార్డు మీద సంతకాలు పెట్టించుకోవడమే. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలు కోర్సును రెండేళ్లు చేసి, బడిలో గడపాల్సిన కాలాన్ని 20 వారాలకు పెంచాయి. వారాలు పెరిగాయి సరే, ఆ వారాల్లో ఛాత్రోపాధ్యాయుల పక్కన ఎవరున్నారన్నదే అసలు సంగతి.

చాలా బడుల్లో వాళ్లు రాగానే ఖాళీ పీరియడ్లన్నీ వాళ్ల నెత్తిన పడతాయి. పాఠం ఎలా చెబుతున్నారో మాత్రం ఎవరూ చూడరు.

చూస్తే ఎంత కనిపిస్తుందో! ఆరో తరగతి, భిన్నాల కూడిక. 1/2కి 1/3 కలిపి 2/5 అని రాశాడో పిల్లాడు. కొత్త టీచరు గబగబా తుడిచేసి, సరైన జవాబు రాసి "అర్థమైందా?" అంటుంది. "అయింది టీచర్" అని క్లాసంతా ఒక్క గొంతు. చివరి బెంచీలో ఉన్న సీనియర్ టీచరు అప్పుడు కల్పించుకోకూడదు. పిల్లల ముందు ఆ అమ్మాయి చులకనైపోతుంది. గంట కొట్టాక స్టాఫ్‌రూమ్‌లో చెప్పాలి: "తుడిచే ముందు వాడికెలా వచ్చిందో అడగమ్మా. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గుతుందా అని వాణ్ణే తేల్చనివ్వు."

ప్రశ్న వేశాక ఆగడమూ అంతే. టీచర్లు సగటున ఒక్క సెకనే ఆగుతున్నారనీ, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయనీ అమెరికన్ పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపించారు. పుస్తకంలో చదివినంత మాత్రాన ఆ ఓపిక రాదు. వెనక కూర్చుని గమనించి చెప్పేవాళ్లుండాలి. అలా కూర్చున్న పీరియడ్‌ని టైంటేబుల్లో ఆ టీచరు పనిగానే రాయాలి.