డబ్బా మనది, లైను వాళ్ళది

సాయంత్రం ఆరున్నర అయిందంటే మా అత్తమ్మ చూపంతా ట్యాబ్ మీదే. న్యూజెర్సీలో ఉన్న మా ఆడపడుచు ఆఫీసు పని మొదలుపెట్టే ముందు అమ్మతో ఓ పావుగంట మాట్లాడుతుంది. మోకాళ్ళ నొప్పులతో గడప దాటలేని ఆమెకు రోజు మొత్తంలో ఆ పావుగంటే పండుగ.

పోయిన నెల ఒక సోమవారం నెట్ ఆగిపోయింది. మోడెం లైట్లు వెలుగుతాయి, ఆరిపోతాయి, మళ్ళీ వెలుగుతాయి. నా ఫోన్ హాట్‌స్పాట్ పెడితే బొమ్మ ఆగి ఆగి వచ్చింది. "నా బిడ్డ మొఖం సరిగ్గ చూడనే లేదు" అని అత్తమ్మ ఆ పూట సగం అన్నమే తిన్నది.

నాకు లోపల గుచ్చుకుంది. ఎందుకంటే కనెక్షన్ తీసుకున్నప్పుడు మోడెం అద్దెకిస్తామంటే, "నెల నెలా అద్దె దండగ, కొనేద్దాం" అన్నది నేనే.

మర్నాడు పొద్దున్నే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. "మోడెం మీ సొంతమా మేడం? అయితే మా బాధ్యత లైను వరకే" అన్నారు. మా వడ్డేపల్లిలో కోతులు తీగలు పట్టుకొని ఊగుతాయి కదా, ఎక్కడో తెగిందనుకున్నాను. లైన్‌మన్ తమ్ముడు వచ్చి తీగ చివర మీటరు పెట్టి చూశాడు. "సిగ్నల్ మంచిగనే వస్తుందక్కా. డబ్బాలనే ప్రాబ్లం. అది మేం ముట్టం" అని వెళ్ళిపోయాడు. హనుమకొండ చౌరస్తాలో మేం కొన్న షాపుకు పోతే, బిల్లు చూసి "పద్నాలుగు నెలలైంది మేడం, వారంటీ ఏడాదే. కొత్తది తీసుకోండి" అన్నారు.

ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరి హద్దు వరకు వాళ్ళు చూశారు. అద్దె ఇంట్లో కుళాయి చెడితే ఓనరుకు చెప్తాం, సొంతింట్లో మనమే ప్లంబర్‌ను వెతుక్కుంటాం. ఇదీ అంతే. సొంతం అంటే అద్దె మిగలడం ఒక్కటే కాదని నాకు అప్పుడు తెలిసింది.

కొత్తది కొనేముందు ఎందుకో మనసొప్పక, టీవీలు బాగుచేసే చిన్న కొట్టుకు తీసుకెళ్ళాను. ఆ పెద్దాయన మోడెం విప్పనే లేదు. తన దగ్గరున్న వేరే 12 వోల్టుల అడాప్టర్ పెట్టాడు. లైట్లు నిలకడగా వెలిగాయి. చెడింది మోడెం కాదు, గోడకు పెట్టే అడాప్టర్! రెండు వందల యాభై రూపాయలతో పని అయిపోయింది.

అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఫైబర్ మోడెం మీద ఎల్.ఓ.ఎస్. అనే లైటు ఎర్రగా వెలిగితే చాలావరకు లైనులోనే లోపం, కంపెనీ వాళ్ళే చూడాలి. అసలు పవర్ లైటే తడబడుతుంటే ముందు అడాప్టర్ మార్చి చూడండి. వోల్టులు పాతదానికి సమానంగా ఉండాలి, ఆంపియర్లు తగ్గకూడదు, పిన్ను సరిపోవాలి. కొత్త మోడెం కొనక తప్పకపోతే, అది తమ లైనుకు పనికొస్తుందో లేదో కంపెనీని ముందే అడగండి. దాని సీరియల్ నంబరు వాళ్ళ సిస్టంలో ఎక్కించాల్సి ఉంటుంది. బిల్లు మాత్రం పారేయకండి. వారంటీ ఉండగానే షాపువాళ్ళు తిప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

అద్దెకా, సొంతమా అన్నది ఎవరిష్టం వాళ్ళది. కానీ ధర అడిగినప్పుడే "చెడితే ఎవరొస్తారు?" అని కూడా అడగండి.

ఆ సాయంత్రం ఆరున్నరకు ట్యాబ్ మోగింది. అత్తమ్మ కూతురితో మొదట చెప్పిన మాట: "మీ వదిన బాగుచేయించింది బిడ్డా."